అత్తగారికి పెట్టిన పరీక్ష

మంగళవారం రాత్రి, అమలాపురం ఆసుపత్రి

అత్తగారికి తుంటి ఆపరేషన్ అయ్యి ఇవాళ్టికి ఆరో రోజు. పొద్దున్న డాక్టరమ్మగారు వచ్చి మతిమరుపు పరీక్ష చేసేరు. తేదీ అడిగేరు, నెల అడిగేరు, పేరు రాయమన్నారు. అత్తగారు దేనికీ పలకలేదు. షుగరు, చెవుడు, దానిమీద ఈ ఆపరేషన్, అన్నీ కలిసి మతి తప్పించి ఉంటాయన్నారు డాక్టరమ్మగారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "ఆవిడ బడి మొహం చూడలేదండీ. తేదీలు ఎప్పుడూ తెలీవు. తిథి చెబితే సముద్రం పోటు ఏ వేళకొస్తుందో చెప్పేస్తారు. మా ఊరి పడవలన్నీ ఆవిడ మాట మీదే కదిలేవండీ" అన్నాను.

"అయితే మీరే అడగండమ్మా" అన్నారు డాక్టరమ్మగారు నెమ్మదిగా.

చెవి దగ్గరకు వంగి గట్టిగా అడిగేను. "అత్తయ్యగారూ, నిన్న అమావాస్య వెళ్లింది. ఇవాళ పోటు ఎప్పుడండీ?"

అత్తగారు నా మొహంలోకి చూసేరు. "పోటంటే ఏంటండీ?" అన్నారు.

నన్ను అండీ అన్నారు. ఇరవై రెండేళ్లలో "ఒసేయ్ పిల్లా" తప్ప మరో పిలుపు ఎరగను.

డాక్టరమ్మగారు నా భుజం తట్టి వెళ్లిపోయేరు. సాయంత్రం మా ఆయన ఫోన్ చేసేరు. ఆ పరీక్ష చదువుకున్నవాళ్లకేనని, అమ్మ బాగానే ఉందని చెప్పేను. "ఇంటికొస్తే తేరుకుంటుందిలే" అన్నారు. ఆయ్ అన్నాను.

నేను అడక్కుండా ఉండాల్సింది. ఇప్పుడు నాకు నేను చెప్పుకోడానికి కూడా ఏమీ మిగల్లేదు. రేపు మొదటి బస్సుకి ఆయన వస్తున్నారు...