కాఫీ ముట్టకుండా కారు చూడు

ఎఫ్రాయిన్,

నువ్వు లేచేసరికి నేను ఆసుపత్రిలో డ్యూటీలో ఉంటాను. దోన్ రమీరో అమ్ముతానన్న స్పోర్ట్స్ కారు చూడ్డానికి వెళ్లగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే, పొద్దున్నే మొరాయించే ఇంజన్ని నువ్వొచ్చేలోపు వేడిచేసి పెట్టాడన్నమాట. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు. లోపల బురద చార కనిపిస్తే అది తుఫానుకి మునిగిన బండే, మారుమాట్లాడకుండా వచ్చెయ్. ఎర్రగా మెరుస్తోందని మురిసిపోకు.

"ఒక్క గుక్కేగా, తాగవయ్యా" అంటూ కాఫీ ఇస్తాడు. ముట్టుకోకు. పోయినసారి ఎవరింట్లోనో కాఫీ తాగి, ఆ తర్వాత కాదనడానికి మొహమాటపడి చిల్లుపడవ కొనుక్కొచ్చావు. ఇప్పుడందులో మా అమ్మ కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. "అల్లుణ్ణి కారు కూడా తెమ్మనవే, బాతులకి పనికొస్తుంది" అంటోంది అమ్మ.

అన్నం, చిక్కుడు గింజల కూర పొయ్యి మీదున్నాయి. తినే వెళ్లు.

మిగ్దాలియా

మర్చిపోయా: బండి నిజంగానే బాగుంటే, మూడింటికి దాంట్లోనే ఆసుపత్రి గేటు దగ్గరికి రా. కారు టాప్ మడిచేసి రా. నర్సులందరూ అప్పుడే బయటికొస్తారు. బీరువాలో నా ఎర్ర స్కార్ఫు ఉంది, అదీ పట్టుకురా. కారు రంగుకి సరిగ్గా సరిపోతుంది.