రోజుకొక జర్మన్ లెటర్

జూన్ 2, సోమవారం. సాయంత్రం 6:30

షురూ! ఇయ్యాల్టి సంది రోజుకొక ఫార్మల్ లెటర్. పరీక్ష 28న. ఇరవై ఆరు రోజులు, ఇరవై ఆరు లెటర్లు.

పోయినసారి జర్మన్ బీ-టూ లెవెల్ పరీక్షల చదువుడు, వినుడు, మాట్లాడుడు మూడూ పాస్. రాసుడు ఒక్కటే పోయింది. అరవై రావాలె, యాభై రెండొచ్చినయ్. మేనేజర్‌కి లెటర్ రాయమంటే, సగం దాంక "మీరు" అని రాసి, ఆడికెల్లి "నువ్వు" అన్న. మాకు జర్మన్ నేర్పే పురుషోత్తం సార్ విని, "ఒక్క పేరాలనే గింత దోస్తానా, గ్రేసీ?" అన్నడు.

ఇదొక్కటి దాటాలె. జర్మనీల ఒక హాస్పిటల్ నా కోసం నర్స్ పోస్టు ఆపి పెట్టింది. సెప్టెంబర్ ఆఖరు దాంక చూస్తరట.

కొత్త నోట్‌బుక్. నీలం పెన్ను. తప్పులకు ఎర్ర పెన్ను.

మొదటి లెటర్: వాషింగ్ మెషీన్ ఖరాబైందని కంపెనీకి. 112 మాటలు. సూపర్!

జూన్ 3. సాయంత్రం 7:00

రెండోది: హోటల్ రూమ్ క్యాన్సిల్. జెబా దిద్దింది. మా వార్డులనే పని చేస్తది, యాప్రాల్ కెల్లి వస్తది, నాతోనే పరీక్ష రాస్తున్నది. మూడే తప్పులు. మూడే!

మా అమ్మ రోసమ్మ బ్లౌజుకు హుక్కులు కుట్టుకుంటనే అడిగింది: "ఎవ్వరికి బిడ్డా రోజూ లెటర్లు?"

"లోకంల లేనోళ్లకు అమ్మా. ప్రాక్టీస్."

"ఉన్నోళ్లకు ఎప్పుడు రాస్తవ్?"

జూన్ 5. ఉదయం 6:10

నిన్నటిది రాసిన. ట్రైన్ లేటైందని కంప్లయింట్. జర్మనీల అయినా రైల్వే వాళ్లకు తిట్లే, పాపం.

ఇంకో పని: 28కి సెలవు అడగాలె. అంటే కల్పలత మేడంకి లెటర్ పెట్టాలె. మా నర్సింగ్ సూపరింటెండెంట్. ఆమె చెప్పుల చప్పుడు వినంగనే నాకు బీపీ పెరుగుతది. దేశం దాటిపోయే సిస్టర్లంటే ఆమెకు మంట అని మా హాస్పిటలంత చెప్తరు.

రేపు పెడతా.

జూన్ 8, ఆదివారం

చర్చి. ఆడికెల్లి మా అన్న షాలేమ్ నిశ్చితార్థం. మటన్ బిర్యానీ తిన్నంక జర్మన్ రాదు, ఎవ్వరికీ రాదు. రేపు రెండు రాస్తా.

సెలవు లెటర్: సోమవారం మంచిరోజు. సోమవారం పెడతా.

జూన్ 9, సోమవారం

సున్నా. మేడం మూడ్ మంచిగ లేకుండె. నాది సుత.

జూన్ 13

నిన్న వార్డు నిండ జ్వరాలే. ఇంటికొచ్చి నోట్‌బుక్ తెరిచిన. "గౌరవనీయులైన" అని రాసిన. నిద్ర పట్టింది. పొద్దుగాల లేస్తే చెంపకు నీలం సిరా.

జూన్ 16

బస్సుల మనసులనే రాసిన, మొత్తం. చానా మంచిగొచ్చింది. ఇది లెక్కలకు వస్తది.

జూన్ 19

రూల్ మార్చిన. పూర్తి లెటర్ అక్కర్లేదు. మొదటి లైను, ఆఖరి లైను వస్తే నడుమ అదే వస్తది.

మొదటి లైను రాసిన.

జూన్ 24, మంగళవారం. మధ్యాహ్నం 2:00

రోస్టర్ పెట్టిండ్రు. 28, శనివారం: గ్రేసీ, మార్నింగ్ డ్యూటీ.

జెబా దిక్కు చూసిన. ఆమెకు ఆఫ్. "నేను నెల ముందే లెటర్ పెట్టిన కదనే," అన్నది. "నువ్వు పెట్టలేదా?"

జూన్ 26. మధ్యాహ్నం 3:20

రాసిన. తొమ్మిది లైన్లు, ఇంగ్లీష్‌ల. నాలుగుసార్లు చింపి రాసిన. మేడం రూమ్ ముంగట పది నిమిషాలు నిలబడ్డ.

చదివింది. "ఏం పరీక్ష?"

"జర్మన్, మేడం."

"అంటే పోతవ్."

"పాసైతే, మేడం."

"డేట్ ఎప్పుడు తెలిసింది?"

"ఏప్రిల్‌ల."

అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. "నువ్వు పోతవని నాకు కోపం లేదు గ్రేసీ. నా చెల్లె సుత దుబాయ్‌లనే చేస్తది. గిప్పుడొచ్చి చెప్తె ఎల్లుండి నీ పేషంట్లను ఎవరు చూడాలె? అది ఆలోచించినవా?"

ఆలోచించలేదు. మూడు వారాలు ఆమెకు భయపడుడే సరిపోయింది. "తప్పైంది మేడం," అన్న.

హిమజ సిస్టర్‌ను పిలిచి అడిగింది. ఆమె నా డ్యూటీ చేస్తా అన్నది. మేడం సంతకం పెట్టింది. "మంచిగ రాయి," అన్నది.

రాత్రికి లెటర్లు? ఏమీ లేవు. ఏడ్చినంక తలకాయనొప్పి.

జూన్ 28, శనివారం. సాయంత్రం 4:00

ప్రశ్న చూసి నవ్వొచ్చింది. "మీరు హాస్పిటల్‌ల పని చేస్తరు. ట్రైనింగ్‌కు రాలేరు. మీ హెడ్‌కు రాయండి." మొన్ననే రాసిన గద! పెన్ను ఆగలేదు. క్షమాపణ, కారణం, మళ్ల క్షమాపణ. అన్నీ "మీరు"లే, ఒక్క "నువ్వు" లేదు. గంట కొట్టకముందే అయిపోయింది!

బయటికొచ్చి చాయ్ తాగుతుంటే జెబా అడిగింది: "నాలుగో పాయింట్‌కు ఏం రాసినవే?"

"నాలుగోదేంది?"

"మీ పని ఎవరు చూస్తరో చెప్పండి అని ఉండె కదా. అది."

చాయ్ చల్లగైంది. మేడం అడిగింది సుత అదే.

జూలై 17, గురువారం. రాత్రి 8:15

జెబా: 74. నేను: 57.

జెబా ముందుగాల నా ముఖం చూసి, తన రిజల్ట్ చెప్పకుండ దాచింది. నేనే ఫోన్ గుంజుకొని చూసి పట్టుకున్న. వార్డుల అందరికి లడ్డూలు నేనే పంచిన. ఆడికెల్లి దుప్పట్ల రూమ్‌లకు పోయి మూడు నిమిషాలు ఏడ్చిన. ఆరో బెడ్‌కు ఇంజెక్షన్ టైమైంది, మొఖం కడుక్కొని పోయిన.

ఆగస్టు 23న మళ్ల పరీక్ష ఉన్నది. ఇదే ఆఖరిది, పోస్టు దొరకాలంటే. సెలవు లెటర్ ఇయ్యాలనే పెట్టిన. నా డ్యూటీ ఎవరు చేస్తరో అడిగి, పేరు సుత రాసి పెట్టిన.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పిన. కుట్టుమిషన్ ఆపింది.

"మళ్ల రాస్తవా?"

"రాస్తా. రోజుకొకటి. రేపట్నుంచి."

"ఇయ్యాలేమైంది?"

నోట్‌బుక్ తీసిన. కూసున్న. పక్కింటోళ్ల లొల్లి గురించి ఇంటి ఓనర్‌కు లెటర్. నాలుగు పాయింట్లు, నాలుగూ రాసిన. అమ్మ నోట్‌బుక్ ముంగటేసుకొని సూది మొనతోని ఒక్కొక్క మాట లెక్కపెట్టింది. జర్మన్ రాదామెకు. నూట నాలుగు అన్నది.