వేలెత్తితే ఆగకూడదట

గోవా,
ఆదివారం పొద్దున

పెద్దన్నకు తమ్ముడు శేఖర్ దండాలు పెట్టి రాసేది.

నువ్వు, వదిన, పాప బాగున్నారని వదిన చెబుతూనే ఉంది గానీ, నీ గొంతు విని రెండు నెలలైంది. ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే ఉత్తరం. చింపేసేముందు ఒకసారి చదువు.

నేను బాగానే ఉన్నాను, రంది పెట్టుకోకు. తిండికి లోటు లేదు, కాకపోతే అన్నింట్లో కొబ్బరే. ప్రాణం పచ్చిపులుసు మీదే ఉంది. వాన పట్టిందంటే వారం వదలదు, ఆ చెమ్మకు సాక్సోఫోన్ గొంతు బొంగురుపోతుంది. పగలు సాధన, సాయంత్రం హోటల్లో అతిథుల ముందు వాయింపు. జాజ్ అంటే "దానికి తలకాయ లేదు, తోక లేదు" అని నవ్వేవాడివి. తలకాయ ఉందన్నా. ముందు అందరం కలిసి పాట వాయిస్తాం. తర్వాత ఒక్కొక్కరూ తమ వంతులో అప్పటికప్పుడు సొంతంగా అల్లుకుంటూ పోవాలి. నాకు అక్కడే చావొచ్చి పడింది.

హైదరాబాద్ పెళ్లిలో నన్ను విని పిలిపించిన ఫ్రాన్సిస్ సార్ ఇక్కడ మా పెద్ద, పియానో వాయిస్తాడు. రెండు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటానన్నాడు. మొదటి వారమే, నా వంతు నడుస్తుండగా ఆయన వేలెత్తాడు. నేను టక్కున ఆపేశాను. పియానో, డ్రమ్ములు నడుస్తూనే ఉన్నాయి. జనమంతా నన్నే చూశారు. ఇక్కడ వేలెత్తితే ఇంకో చుట్టు వాయించమని అర్థమట.

మన పెళ్లి బ్యాండులో అట్లా కాదు కదా. బరాత్ దారిలో చావు జరిగిన ఇల్లు వస్తే నువ్వు వేలెత్తుతావు, అందరం ఒక్కసారే ఆగాలి. హుస్నాబాద్‌లో నేను ఒక్క ముక్క ఎక్కువ వాయించినందుకు, ఆ ఇల్లు దాటాక చెంప పగలగొట్టావు. "సచ్చినోళ్ల ఇంటి ముంగట బాజా కొడ్తవురా? నా వేలు లేస్తే నీ ఊపిరి ఆగాలె" అన్నావు. ఆ రోజు నుంచి ఆగుతూనే ఉందన్నా.

సార్‌కు ఇదంతా చెప్పాను. మంచి అలవాటే గానీ ఇక్కడ పనికిరాదన్నాడు. తర్వాత కూడా రెండుసార్లు ఆగాను. ఇంకోసారి ఆగితే బట్టలు సర్దుకోమని మొన్న చెప్పేశాడు. సర్దుకుని ఎక్కడికి పోవాలి? నేను బయలుదేరిన రోజు "ఇగ గీ బ్యాండుల నీకు జాగ లేదు, పో" అన్నది నువ్వే.

నిన్న సాయంత్రం వేదిక ఎక్కాను. నా వంతు వచ్చింది, వేలు లేచింది. నాకు సార్ కనబడలేదు, నువ్వే కనబడ్డావు. అయినా ఆపలేదు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. నీ మాట మొహం మీదే కాదన్నట్టయి ఏడుపొచ్చింది, ఏడుస్తూనే వాయించాను. దిగాక సార్ ఏడాదికి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.

వదినను ఇంటి కారం కాస్త పంపమను. డోలు కొట్టే సాయిలు మామకు నా దండాలు చెప్పు. పాపను ఎత్తుకుని ముద్దాడు.

అన్నా, నిన్ను అడగకుండా నేను సంతకం చేసిన మొదటి కాగితం అది. ఈ ముహూర్తాలకు నా కోసం చూడకు, వేరే మనిషిని పెట్టుకో. తిట్టు, పడతాను. దీవించు, తల వంచి తీసుకుంటాను. రమ్మంటే మాత్రం రాను.

నీ దగ్గరే ఊదడం నేర్చిన తమ్ముడు,
శేఖర్