నిద్రలేని డ్రైవరుకు తాళం ఇవ్వను

12 అక్టోబరు 2009, సోమవారం

మేబెల్ కొత్త నోటుబుక్కు తెచ్చింది. బన్సీలాల్‌పేట్‌లో మా పక్కిల్లే ఆమెది. రైల్వే ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయింది. నాకు చదువు రాదు. నేను చెబుతాను, ఆమె రాస్తుంది. నేను గిట్ల అంటే ఆమె ఇలా అని రాస్తుంది. రాయనీ. మాట నాది.

ఇది ఎవరికీ చూపించడానికి కాదు. ఇరవై నాలుగో తేదీన ఎంక్వైరీ ఉంది. పెద్దవాళ్ల ముందు కోపం వస్తే నా మాట అడ్డదిడ్డంగా పోతుంది. అందుకే రోజూ కొంత చెప్పి వరసలో పెట్టుకుంటున్నాను.

సంగతి ఇది. బొల్లారంలో మా రిలీఫ్ ఆఫీసు. వరద వచ్చినా తుపాను వచ్చినా ఇక్కడి నుంచే మందులూ మనుషులూ పోతారు. నేను గేటు మనిషిని. పేరు బుచ్చమ్మ, డెబ్బై ఒకటి. జీపుల తాళాలు నా దగ్గర ఉంటాయి. ఈ నెల ఐదో తేదీ సాయంత్రం అయిదింటికి, అలంపూర్ దగ్గర వరద క్యాంపుకు క్లోరిన్ బిళ్లలూ సెలైన్ సీసాలూ తీసుకుని జీపు పోవాలన్నారు. నేను తాళం ఇవ్వలేదు. తెల్లవారి ఇచ్చాను.

దానికి నన్ను కదా అడగాలి? నోటీసు మాత్రం ప్రేమమణి మేడంకు ఇచ్చారు. ఆమె మా సేఫ్టీ ఆఫీసరు. ఆమె రూళ్ల వల్లే ఆలస్యమైందట. ఆమె పోస్టే తీసేస్తారట.

నేను బతికుండగా చూద్దాం.

13 అక్టోబరు, మంగళవారం

ప్రేమమణి గురించి చెప్పకుండా నా కేసు చెప్పలేను.

నాలుగేళ్ల కింద ఆమె స్టోర్స్‌లో ఉండేది. కోస్తాలో వరద పని ముగించుకుని జీపులో తిరిగి వస్తున్నారు. సూర్యాపేట దాటాక డ్రైవరు జ్ఞానశేఖర్‌కు కునుకు పట్టింది. ఆగి ఉన్న లారీ కిందికి దూరిపోయారు. అతడు అక్కడే పోయాడు. వెనక కూర్చున్న ఈమెకు భుజం విరిగింది. ఇప్పటికీ ఎడమ చెయ్యి పైకి లేవదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో డైరెక్టరు దగ్గరికి పోయి, లేని పోస్టు ఒకటి అడిగింది. మనవాళ్లు క్షేమంగా పోయి క్షేమంగా రావడం చూసుకునే పోస్టు. ఆఫీసులో నవ్వారు. మనం సేవకు పోతున్నామా యుద్ధానికి పోతున్నామా అన్నారు. మన జీపు కాలువలో పడితే క్యాంపు జనమే మనల్ని మోసుకురావాలి, అప్పుడు సేవ ఎవరు ఎవరికి చేసినట్టు అని అడిగిందట. నవ్వు ఆగింది.

ఆమెకు అందరి బ్లడ్ గ్రూపులూ నోటికి వచ్చు. ఏ డ్రైవరు ఇంట్లో జ్వరమో, ఎవరు రాత్రంతా మేలుకున్నారో తెలుసు. క్యాంపులో ఉన్నవాళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేయాలి. చేయకపోతే ఆమె కుర్చీలో కూర్చోదు.

మొదట్లో తాళాలు ఒక గుమాస్తా దగ్గర ఉండేవి. ఎవరు కాగితం తెస్తే వారికి ఇచ్చేవాడు. ఒకరోజు నేను గేటు దగ్గర నీళ్ల ట్యాంకరు డ్రైవరును ఆపి, కిందికి దిగి అరగంట పడుకోమన్నాను. ప్రేమమణి చూసింది. అతనికి నిద్ర లేదని ఎట్లా తెలిసిందని అడిగింది. రాణిగంజ్ లారీల అడ్డాలో ముప్పై ఏళ్లు చాయ్ అమ్మాను బిడ్డా అన్నాను. నిద్రలేనివాడు చాయ్ ఊదుకోకుండా తాగుతాడు. నాలుక కాలినా తెలియదు.

మర్నాడు తాళాల పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. బుచ్చమ్మకు చదువు రాదు కదా అన్నారు ఎవరో. అందుకే ఇస్తున్నాను, కాగితం చూసి ఇచ్చేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు, మనిషిని చూసి ఇచ్చేవాళ్లు కావాలి అంది.

నా జన్మలో నాకు చదువు రానందుకు ఎవరూ పని ఇవ్వలేదు. ఆమె ఇచ్చింది.

15 అక్టోబరు, గురువారం

మేడం ఈ రోజు కూడా వంగి జీపుల టైర్లు చూసింది. పోస్టు పోయే మనిషి టైర్లు చూస్తుందా?

16 అక్టోబరు, శుక్రవారం

డైరెక్టరు రామభద్రరావు సారు చెడ్డవాడు కాదు. అది కూడా రాయమన్నాను. మేబెల్ పెన్ను ఆపి నన్ను చూసింది. రాయి అన్నాను.

ఆ సాయంత్రం ఆయన గేటు దగ్గరికి పరుగున వచ్చాడు. చొక్కా వానకు తడిసి ఒంటికి అంటుకుంది. క్యాంపులో నలభై మందికి వాంతులు, విరేచనాలు, తాగడానికి మంచినీళ్లు లేవు, తాళం ఇయ్యి బుచ్చమ్మా అన్నాడు. మిగతా జీపులన్నీ బయటే ఉన్నాయి. ఉన్నది ఒక్క జీపు, ఒక్క డ్రైవరు యెషయా. నాలుగు రోజుల్లో మూడు ట్రిప్పులు కొట్టి ఆ మధ్యాహ్నమే వచ్చాడు. రూలు రెండు మాటలు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య డ్రైవరు ఎనిమిది గంటలు పడుకోవాలి. సాయంత్రం నాలుగు దాటాక దూరం పోయే బండి కదలకూడదు. పొద్దుగూకుతున్నది సారూ, పోరడు సగం సచ్చి ఉన్నడు, బండి పోదు అన్నాను.

లోపలికి పోయి సంతకం పెట్టిన కాగితం తెచ్చాడు. నాకు కాగితం ఏం చెబుతుంది? తిరిగి ఇచ్చాను. సరే, నేనే నడుపుతాను అన్నాడు. మీరు నేరేడ్‌మెట్ ఇంటికి పోయేటప్పుడే గేటు స్తంభానికి కారు రాస్తరు సారూ అన్నాను. స్తంభం మీద ఆయన కారు రంగు ఇంకా ఉంది. ఈ గేటు నీ సొంతమనుకుంటున్నావా అని అరిచాడు. తాళం ఉన్నంత సేపు నా సొంతమే అన్నాను.

తెల్లవారి అయిదింటికి జీపు పోయింది. రోడ్డు తెగిన చోట చుట్టూ తిరిగి పదకొండింటికి చేరింది. ఆ తెల్లవారుజామునే క్యాంపులో పర్వతాలు అనే ముసలాయన పోయాడు. నా ఈడువాడేనట. ముందునుంచీ జబ్బు మనిషి అన్నాడు డాక్టరు. సెలైన్ రాత్రే వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను అని కూడా అన్నాడు. డైరెక్టరు సారు నోటీసులో ఆ పేరు రాశాడు. రాయాలి. నేనైనా రాయించేదాన్ని.

పర్వతాలు ముఖం నేను చూడలేదు. అయినా రోజూ కనబడుతున్నాడు.

17 అక్టోబరు, శనివారం

దీపావళి. పటాకుల మోతలో నేను చెప్పేది మేబెల్‌కు వినపడలేదు. మానుకున్నాం.

18 అక్టోబరు, ఆదివారం

యెషయా చర్చి నుంచి నేరుగా వచ్చాడు. ఇన్ని రోజులు నాతో మాట్లాడలేదు. నీ వల్ల నా ఇజ్జత్ పోయింది అవ్వా, నడపలేనోడని అందరనుకున్నరు అని తిట్టినవాడే. చాయ్ ఇచ్చాను. ఊదుకుని తాగాడు.

తర్వాత మెల్లగా చెప్పాడు. ఆ సాయంత్రం, నువ్వు ఎట్లైనా ఇస్తవని జీపుల్నే కూసున్న అవ్వా, స్టీరింగ్ మీద చెయ్యేసి జెర కండ్లు మూసిన, అంతే అన్నాడు. తెరిస్తే పొద్దుగాల నాలుగట. కిటికీలోంచి వాన కొట్టి ఒళ్లంతా తడిసినా లేవలేదట. నువ్వు తాళం ఇస్తే షాద్‌నగర్ సుత దాటకపోతుంటి అన్నాడు.

ఇదే ఎంక్వైరీలో చెప్పు అన్నాను. తల దించుకున్నాడు. బండిల పండుకున్నోడని పేరొస్తే నన్నెవరు పెట్టుకుంటరు అవ్వా అన్నాడు. ఆగిన బండిల పండుకుంటే తప్పేందిరా, నడిచే బండిల పండుకుంటే తప్పు అన్నాను. గ్లాసు కింద పెట్టి పోయాడు.

20 అక్టోబరు, మంగళవారం

ఒక మాట దాచాను. ఇన్ని రోజులు మేబెల్‌కు కూడా చెప్పలేదు.

ఐదో తేదీ సాయంత్రం డైరెక్టరు సారు కోపంతో లోపలికి పోయాక గేటు దగ్గర ఫోన్ మోగింది. ప్రేమమణి. రెండో తేదీ నుంచి ఆమె క్యాంపులోనే ఉంది. అవ్వా, తాళం ఇచ్చెయ్యి, నేను చెప్తున్నాను, ఈ ఒక్కసారికి అంది. ఏడుస్తూ అంది. ఆమె ఏడవడం నేను ఎప్పుడూ వినలేదు. వెనక పిల్లలు ఏడుస్తున్నారు. నర్సు ఎవరినో పిలుస్తోంది.

తాళాలు ఇచ్చిన రోజు నేను ఆమెను ఒకటే అడిగాను. ఎవరడిగినా ఇవ్వొద్దంటున్నవు, మరి నువ్వడిగితే అని. నేనడిగినా ఇవ్వకు అవ్వా అంది.

ఇయ్యను బిడ్డా అన్నాను ఫోన్‌లో. ఆమె పెట్టేసింది.

ఇది మా ఇద్దరికే తెలుసు. నేను ఫోన్ చేసి వదలమన్నాను, ముసలామే వినలేదు అని ఒక్క ముక్క చెబితే ఆమె బయటపడుతుంది. పదిహేను రోజులుగా చెప్పలేదు. నోటీసు చేతిలో పట్టుకుని కూడా చెప్పలేదు.

మేబెల్ నాతో పోట్లాడింది. రూలు పెట్టిన మనిషే తియ్యమంటే తియ్యాలి కదా, నీకెందుకు అంత మొండితనం అంది. ఆఫీసులో పనిచేసిన మనిషి. ఆమెకు అట్లాగే తోస్తుంది.

22 అక్టోబరు, గురువారం

ప్రేమమణి మా ఇంటికి వచ్చింది. ఫోన్ సంగతి నేను చెబుతాను అన్నాను. వద్దవ్వా, ఆఫీసరు చెప్పినా వినలేదని నిన్ను తీసేస్తారు అంది. తీసేస్తే మళ్ల చాయ్ పెట్టుకుంట, నీకేం తక్లీఫ్ అన్నాను. నవ్వలేదు.

అప్పుడు అసలు మాట వచ్చింది. జ్ఞానశేఖర్ ఆ రోజు అలసిపోయాడని నాకు తెలుసు అవ్వా, ఇంటికి పోవాలని నాకే తొందర, ఈ ఒక్కసారికి పోదాం అని నేనే అన్నాను అంది. నాలుగేళ్ల తర్వాత మళ్లీ అదే మాట నా నోటితోనే అన్నాను, ఉద్యోగం పోయినా ఫర్వాలేదు కానీ ఆ ఫోన్ సంగతి నలుగురిలో నేను వినలేను అంది.

ఆమెకు అన్నం పెట్టాను. తిన్నది.

జ్ఞానశేఖర్ మాట ఎంక్వైరీలో చెప్పను. అది ఆమెది. ఫోన్ మాట చెబుతాను. అది నాది కూడా.

24 అక్టోబరు, శనివారం, పొద్దున ఏడు

కొత్త చీర కట్టుకోమంది మేబెల్. గేటు దగ్గర కట్టే చీరే కట్టుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

అయిపోయింది. మరిచిపోకముందే చెబుతున్నాను.

కమిటీ పెద్ద పద్మనాభం గారు. ముందు ప్రేమమణిని అడిగాడు. ఎంత అత్యవసరమైనా మినహాయింపు లేని రూలు ఎట్లా పెట్టావమ్మా అని. రూలు నాదండీ, జరిగినదానికి జవాబుదారీ నాదే అని కూర్చుంది. అంతే.

నన్ను పిలవకముందే లేచాను. ఫోన్ సంగతి చెప్పేశాను. ప్రేమమణి తల దించుకుంది. డైరెక్టరు సారు లేచి, చూశారా, సొంత ఆఫీసరు చెప్పినా వినలేదు అన్నాడు. ఎందుకు వినలేదమ్మా అని పద్మనాభం గారు మెల్లగా అడిగాడు.

ఇన్ని రోజులు వరసలో పెట్టుకున్నదంతా పోయింది. నోటికి వచ్చిందే అన్నాను. సారూ, రూలు చెప్పిన దినం మేడం తిని, పండుకుని, మంచిగున్నది. ఫోన్ చేసిన దినం నాలుగు దినాల సంది కన్ను మూయలే, గొంతు వింటే తెలుస్తది. నిద్రలేని డ్రైవర్‌కు తాళం ఇయ్యనిదాన్ని, నిద్రలేని ఆఫీసర్ మాట మీద ఎట్ల ఇస్త? నేను మేడం మాట కాదనలే. పండుకుని లేచిన మేడం మాట విన్న.

పర్వతాలు చావుకు జవాబు నన్నడగండి, ఆమెను కాదు అని కూడా అన్నాను. ప్రేమమణి అప్పుడు తలెత్తింది. ఇద్దరినీ అడగండి అంది.

గోడ పక్కన నిలబడిన యెషయా ముందుకు వచ్చాడు. జీపులో నిద్రపోయిన సంగతంతా చెప్పాడు. డైరెక్టరు సారు ఒక్కటే అడిగాడు. షాద్‌నగర్ కూడా దాటేవాడివి కాదా అని. కాదు సార్ అన్నాడు యెషయా.

సారు కూర్చున్నాడు. తర్వాత ఆయనే చెప్పాడు. వానాకాలానికి ఇంకో జట్టు డ్రైవర్లను పెట్టమని ప్రేమమణి రెండుసార్లు ఉత్తరం రాసిందట. తర్వాత చూద్దాం అని పక్కన పెట్టాడట. మరో డ్రైవరు ఉంటే యెషయా తెచ్చిన జీపు మూడింటికే తిరిగి పోయేదండీ, అందులో తప్పు నాది అన్నాడు. ఎవరూ అడగకుండానే చెప్పాడు. చెడ్డవాడు కాదని రాయించాను కదా.

27 అక్టోబరు, మంగళవారం

ప్రేమమణి పోస్టు పోలేదు. ఆర్డరు మేబెల్ చదివి వినిపించింది. రెండో జట్టు డ్రైవర్లు వస్తారు. పడుకోవడానికి స్టోర్ రూము ఇస్తారు. క్యాంపులో మూడు రోజులు దాటితే ఎవరైనా సరే, సేఫ్టీ ఆఫీసరైనా సరే, వెనక్కి వచ్చి పడుకోవాలి. ఆ చివరి ముక్క ప్రేమమణే అడిగి రాయించుకుందట.

నన్ను ఎవరూ తీసెయ్యలేదు. రానీ, ఎవరొస్తారో చూద్దామనే కూర్చున్నాను.

పర్వతాలు ఇంకా కనబడుతున్నాడు. కనబడనీ.

11 నవంబరు, బుధవారం

కోస్తాకు తుపాను వస్తుందట. రేపు తెల్లవారి బండ్లు పోవాలి. మధ్యాహ్నం రెండింటికి చూస్తే స్టోర్ రూములో ఆరు మంచాలు. ఐదింటి మీద డ్రైవర్లు, ఆరో దాని మీద ప్రేమమణి నిద్రపోతున్నారు. డైరెక్టరు సారు చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ల మధ్య నుంచి నడిచిపోయాడు.