దండ వేసిన ఫొటో

జగిత్యాల

‘మాట తోడు’ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ వసంత గారికి,

నేను బతికే ఉన్నాను.

ఒంటరివాళ్ళు ఒకరికొకరు తోడుండాలని మీరు పెట్టిన గ్రూపులో నేను చేరింది తోడు కోసం కాదు, అక్కడి తెలుగు చూడలేక. సోమవారం పొద్దున నా సన్మానం నాటి ఫొటో ఒకటి పెట్టాను. భుజాన శాలువా, మెడలో బంతిపూల దండ. కెమెరా వెలుగుకు కళ్ళు మూసుకున్న మాట నిజమే. గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు కనుక కింద ఒక్క మాటా రాయలేదు. చాయ్ తాగి వచ్చేసరికి అందరూ కలిసి నాకు ఓం శాంతి పలికేశారు. కాదని టైపు చేసేలోపు, పోయినవారి నంబరు ఉంచకూడదని నన్ను గ్రూపులోంచి తీసేశారు. మీకు ఫోన్ చేస్తే కెవ్వుమని పెట్టేశారు. ఆ తర్వాత మీ నంబరు కలవడం లేదు. అందుకే మీ కుట్టు సెంటరుకు ఈ ఉత్తరం.

తక్షణం సవరణ వేయండి.

ఇట్లు,
ఇంకా ఉన్న మదన్ మోహన్ రావు,
రిటైర్డ్ తెలుగు లెక్చరర్

తా.క.: సంతాపం పక్కన ఎవరో కేకు బొమ్మ పెట్టారు. ఎవరో విచారించండి.

*

సిరిసిల్ల

మదన్ మోహన్ రావు సార్ ఇంటివాళ్ళకు వసంత నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి సెంటర్ల అందరం ఏడ్చినం. పోయినోళ్ళ పేరు మీద ఉత్తరం రాసుకుంటే గుండె బరువు దిగుతదని గ్రూపుల నేనే చెప్తుంట. మీరు గట్లనే రాసిండ్రు. సార్ కోపం గూడ అచ్చం దించిండ్రు. ఆపకుండ్రి, ఇంక రాయుండ్రి.

సార్ మమ్ముల రోజు తప్పులు పట్టిండు గని, నాగవ్వకు దుబాయిల ఉన్న కొడుకు ఫోన్ చెయ్యని దినాలు “అన్నం తిన్నారా” అని అడిగింది ఆయనొక్కడే.

ఆదివారం మా గ్రూపు మల్లవ్వ పరామర్శకు వస్తది. సావు ఇంట్ల పొయ్యి వెలిగియ్యరు గద, బువ్వ తెస్తది.

మీ బాధల తోడుండే,
వసంత

తా.క.: సార్ నంబర్ నుంచి ఫోన్ వస్తే పానం పోయినంత పనైంది. గా నంబర్ బంద్ చేయించుండ్రి, మీకు పుణ్యముంటది.

*

జగిత్యాల

వసంత గారికి,

మల్లవ్వ వచ్చింది. తలుపు తీసింది నేనే. “అయ్యో, అన్నవా? అచ్చం తమ్ముడే!” అని నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. నాకు తమ్ముడు లేడమ్మా అన్నాను. “లేకపాయె బిడ్డా, లేకపాయె” అని ఇంకా గట్టిగా ఏడ్చింది. నా చావు కూడు నేనే తిన్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైంది, సర్వపిండిలో నువ్వులు చాలలేదు అన్నాను. అప్పుడు గుర్తుపట్టింది. డబ్బా వదిలేసి వీధిలోకి పరుగెత్తింది.

సవరణకు తొందర లేదు. నన్ను తీసేసేదాకా వచ్చిన సంతాపాలు నా ఫోన్‌లో ఉన్నాయి. దినేశ్ నన్ను మహానుభావుడన్నాడు. నేను బతికుండగా నన్ను బ్లాక్ చేసిన మనిషి! చచ్చాక నాకు దక్కిన మర్యాదను ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండి.

కోరుట్ల రాజనర్సు ఏమైనా రాశాడా? ఊరికే అడుగుతున్నాను. చిన్నప్పటి స్నేహితుడు. నా సన్మానంలో నేను మాట్లాడుతుండగా ముందు వరుసలో కూర్చొని గురక పెట్టాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఆ ఫొటోలో ఓ మూల నోరు తెరుచుకొని ఉన్నది వాడే. వాడు చూడాలనే పెట్టాను.

ఇట్లు,
మదన్ మోహన్ రావు

తా.క.: వాడు ఏమీ రాయకపోతే, ఆ సంగతి మీరు రాయనక్కర్లేదు.

*

సిరిసిల్ల

సార్, మీ కాళ్ళు మొక్కుత.

మల్లవ్వకు జెరం దిగింది. “సచ్చినోళ్ళు ఉప్పు సంగతి అడగరు, ఆయన సారే” అని ఒట్టు పెట్టింది. తప్పయిందని గ్రూపుల చెప్పిన. ఇప్పుడు మీరు బతికినందుకు అందరు మురుస్తున్నరు. కేకు బొమ్మ పెట్టినామె మళ్ళ గదే పెట్టింది.

రాజనర్సు సార్ సంగతి ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. మొదటి ఓం శాంతి పడంగనే ఆయన రాసిండు. పోయిన మనిషిని గిట్ల అంటరా అని నేనే తుడిపేసి, ఆయన్ను గూడ గ్రూపుల నుంచి తీసేసిన. ఆయన రాసింది నాకు యాదికున్నది, గిది:

“ఊకోండ్రి. మదన్‌గాడు బతికే ఉన్నడు. యముడు వారెంటు తెచ్చినా దాంట్ల తప్పులు దిద్ది వాపస్ పంపుతడు. నాతోని మాట్లాడకుంట వాడు యాడికి పోడు.”

మాఫ్ చెయ్యండ్రి సార్.

వసంత

తా.క.: జగిత్యాల నుంచి కోరుట్లకు పొద్దటి నుంచే బస్సులుంటయి. ఊకెనే చెప్తున్న.

*

కోరుట్ల

అమ్మా వసంతా,

రాజనర్సును మళ్ళీ గ్రూపులో చేర్చు. వాడి తర్వాత నన్ను.

తలుపు తీసి నన్ను చూడగానే “దండ యాడ పెట్టినవ్ రా?” అన్నాడు. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. బస్సులో దుమ్ము. వాడు నిద్రలో పోగొట్టుకున్న ఆనాటి ఉపన్యాసాన్ని ఇప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి మొదటినుంచీ వినిపిస్తున్నాను. నీళ్ళు తాగడానికి ఆగి ఈ నాలుగు ముక్కలూ రాశాను.

ఇట్లు,
మీ గ్రూపు సభ్యుడు
మదన్ మోహన్ రావు

తా.క.: బిడ్డా, నేను రాజనర్సును. వీడు నీళ్ళకు లేచిండు, గీ సందుల రాస్తున్న. నన్ను జల్ది గ్రూపుల ఏస్కో, మీతోని ముచ్చట పెట్టుకుంట మెలకువగ ఉంట. ఈసారి గురక పెడితే దండ నా ఫొటోకే.