మంచం దిగని కార్యదర్శి

మల్లన్నా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. గల్ఫ్‌లో ఈ ఉమ్ అల్ క్వైన్ లేబర్ క్యాంపుకి ఇప్పుడు పెద్దను నేనే. పొద్దున రేడియోలో సోవియట్ రష్యా ప్రధానిని మార్చారని చెప్పారు. నువ్వుంటే చాయ్ చల్లారిపోయినా కదలకుండా వినేవాడివి. "ప్రధాని పని నడిపేటోడే తమ్మీ, మాట పార్టీ కార్యదర్శిది" అనేవాడివి.

మన దగ్గరా అంతే కదా. బియ్యం తెచ్చింది నేను, వంట వంతులు వేసింది నేను, కంపెనీ మేనేజర్ చేత తిట్లు తిన్నది నేను. నువ్వు మంచం దిగకుండా "సరే" అంటేనే ఏదైనా జరిగేది. నువ్వు పోయాక ఆ "సరే" నాకొస్తుందనుకున్నాను.

ఈ వారం నీళ్ల ట్యాంకర్ రాలేదు. "నీళ్లొచ్చేదాక పనికి పోవద్దు" అన్నాను నిన్న. అందరూ నీ ఖాళీ మంచం వైపు చూశారు.

"మల్లన్న ఉంటే ఏమనేటోడో" అన్నాడు మన గది రాజయ్య.

పోయినవాడి మీద ఇంత కుళ్లు ఉంటుందని నాకే తెలియదు.

"మల్లన్న గూడ పోవద్దనేటోడు" అన్నాను. ఆ మాట నువ్వెన్నడూ అనలేదు.

అందరూ తలూపారు. ఇవాళ ఒక్కడూ బస్సెక్కలేదు. మధ్యాహ్నానికి ట్యాంకర్ వచ్చింది. బకెట్ నింపుకుంటూ రాజయ్య నాతోనే అన్నాడు, "మల్లన్న మాటంటే మాటే."