పెట్టె అక్కర్లేని టీవీ

కిసో లోయ,
నవంబరు 9, 2010

తొమియె అక్కకు,

ఇక్కడ కొండల మీద ఆకులన్నీ రాలిపోయాయి. నగోయాలో మీకింకా అంత చలి మొదలై ఉండదు. నువ్వు పంపిన వెచ్చటి లోదుస్తులు నీ మరిదికి సరిగ్గా సరిపోయాయి. ఆ మంచి మాట ముందే రాసేస్తున్నాను. ఇక మీదట ఈ ఉత్తరంలో అలాంటివి ఉండవు.

ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి నెల దాటింది. కుడి చెయ్యి అలాగే వేలాడుతోంది. మాట రాలేదు, గొంతులోంచి ఒక శబ్దం వస్తుంది అంతే. పొద్దున లేచిన దగ్గర్నుంచీ టీవీ ముందే. ప్రసారాలన్నీ డిజిటల్‌కి మారిపోతాయట, ఆ పాత టీవీ వచ్చే జులై నుంచి పనిచేయదని తెర అడుగున రోజూ రాస్తూనే ఉన్నారు. మన లోయలో యాంటెన్నాకి బొమ్మ రాదు, ఊరందరికీ కేబులే దిక్కు కదా. అందుకని స్టేషను మూల కరెంటు సామాన్ల కొట్టు ఒగిసో సాన్‌ని పిలిచాను. ముప్ఫై ఏళ్లుగా మా ఇంట్లో ప్రతి బల్బూ ఆయన బిగించిందే. రెండు టీవీల కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"ఇటు చూడండి కినుయో సాన్. మన ఊరి కేబుల్ తీగ తెచ్చి నేరుగా దీని వెనక గుచ్చేస్తే చాలు, డిజిటల్ బొమ్మ వచ్చేస్తుంది. పెట్టె గిట్టె ఏమీ అక్కర్లేదు. అన్ని టీవీలూ మన కేబుల్‌ని పట్టవండోయ్, కేబుల్ వాళ్ల దగ్గర కనుక్కుని మరీ ఎంచాను. రిమోట్ ఒక్కటే. బొత్తాలు ఇంతింత లావు. ఎడం చేత్తో కూడా నొక్కేయొచ్చు."

"మరి రెండోది?"

"దాని సంగతి వదిలేయండి. దానికి కింద పెట్టె ఉండాలి. టీవీకో రిమోట్, పెట్టెకో రిమోట్. ముందు ఇది నొక్కాలి, తర్వాత అది. వరస తప్పిందా, తెరంతా నీలం. నాకే తికమక. తొకుజి సాన్‌కి మొదటిదే తెచ్చేస్తాను, ఏమంటారు?"

నీ మరిది ఎడం చెయ్యి చాపి మొదటి కాగితం మీద వేలు పెట్టారు. నా వైపు చూశారు. నలభై ఒక్క ఏళ్లలో ఆయన నన్ను ఒక విషయం అడగడం అదే మొదటిసారి.

"రెండోదే తెండి. పెట్టె ఉంటే చానెళ్లు ఎక్కువట కదా," అన్నాను.

ఒగిసో సాన్ ఏదో అనబోయి, నీ మరిది మొహం చూసి, ఆగిపోయాడు. నేను టీ పోశాను.

ఎందుకలా చేశానో నీకు తప్ప ఎవరికి చెప్పను? పెళ్లయిన కొత్తలో టీవీకి చానెల్ తిప్పే మర ఉండేది. అప్పట్నుంచీ దాని మీద చెయ్యి ఆయనదే. రిమోట్ వచ్చాక అది ఆయన మోకాలి కింద ఉండేది. అవన్నీ మర్చిపోతాను, ఒక్కటి మాత్రం మర్చిపోలేను. ఎనభై ఏడులో మా మహిళా సంఘం టర్నిప్ ఆకు ఊరబెడుతుంటే టీవీ వాళ్లొచ్చి తీశారు. నేను ఆకు తొక్కిపెడుతూ రెండు మాటలు చెప్పాను. మన అమ్మ కుట్టిన నీలం ఆప్రాన్ కట్టుకున్నాను. ఆ సాయంత్రం వార్తల్లో వేస్తారన్నారు. "ఒక్క ఐదు నిమిషాలండీ, మళ్లీ మార్చేసుకోండి," అని ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని అడిగాను. బేస్‌బాల్ ఆట మీంచి కళ్లు తిప్పకుండానే, "నీ మొహం రోజూ చూస్తూనే ఉన్నాగా, మళ్లీ టీవీలో కూడానా?" అన్నారు. పక్కింటికి వెళ్తే మీ ఇంట్లో టీవీ లేదా అంటారని వెళ్లలేదు. మర్నాడు బజారులో అందరూ "భలే బాగున్నావే" అన్నారు. నేను నవ్వాను. అక్కా, ఆ రోజు నేనెలా ఉన్నానో నాకు తెలియదు.

అందుకే పెట్టె ఉన్నది తెప్పించాను. రెండు రిమోట్లూ నా ఆప్రాన్ జేబులో ఉన్నాయి. తిట్టుకో.

నీ చెల్లెలు
కినుయో

కిసో లోయ,
నవంబరు 20

అక్కా,

తిట్టుకో అన్నాను కదా అని అన్ని తిట్లా? "కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి మీదా నీ ప్రతాపం" అని రాశావు. కాలూ చెయ్యీ బాగున్న మనిషి మీద చూపించే వీలు నాకు ఎప్పుడు దొరికింది, చెప్పు? మా బావగారు ఆదివారం పూట నీకు టీవీ వదిలేసి చేపలు పట్టుకోవడానికి పోయే మనిషి. నీకు తెలియదు.

జరుగుతున్నది జరుగుతున్నట్టు రాస్తాను. మొదటి మూడు రోజులూ పట్టుబట్టి రిమోట్లు రెండూ లాక్కుని ఎడం చేత్తో కుస్తీ పట్టారు. తెర నీలంగా మారేది. ఎంత నొక్కినా నీలమే. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. చివరికి రిమోట్లు చాప మీద పడేసి, వేలి కణుపులతో బల్లని తట్టారు. ఇప్పుడు రోజంతా ఆ తట్టడమే. నేను ఆకు కడగడం పూర్తిచేసి, చేతులు తుడుచుకుని, తీరిగ్గా వెళ్తాను.

సుమో పోటీలు మొదలయ్యాయి. నాలుగు దాటితే ఆయన కళ్లు గోడ గడియారం మీదే ఉంటాయి. నేను వెళ్లి వంటల కార్యక్రమం పెడతాను. ఎవరో ఒకామె గుమ్మడికాయ కోస్తుంటుంది. "చూడండి, ఎంత బాగా కోస్తోందో!" అంటాను. ఆయన బల్లని తడతారు. "ఏం కావాలో నోటితో చెబితే కదా నాకు తెలిసేది?" అంటాను. అవును, ఆ మాట అన్నాను. పెద్ద మల్లుల కుస్తీ అయిపోయాక సుమో పెడతాను. అప్పటికి జనం లేచి వెళ్లిపోతుంటారు.

పాపం అనిపించదా అని అడిగావు. అనిపిస్తుంది. అనిపించినా చెయ్యి ఆగదు. నిన్న ఆయన కంట్లో నీళ్లు చూశాను. రోగం వచ్చినవాళ్లకి ఊరికే నీళ్లొస్తాయని డాక్టరు చెప్పాడులే అనుకుని బియ్యం కడగడానికి వెళ్లిపోయాను.

ఊళ్లోకి వెళ్లి వారమైంది. ఎక్కడికి కదలను, ప్రతి పావుగంటకీ తట్టుడే కదా.

కినుయో

కిసో లోయ,
నవంబరు 26

అక్కా,

ఈ ఉత్తరం చదివి జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

మంగళవారం రిమోట్లో బ్యాటరీ అయిపోతే ఒగిసో సాన్ కొట్టుకి వెళ్లాను. ఆయన బ్యాటరీలు కాగితంలో చుడుతూ, "చిత్రమైన మొగుడూ పెళ్లాలండీ మీరు," అన్నాడు.

"ఏం, ఏమైంది?"

"ఆగస్టులో, ఒంట్లో బాగున్నప్పుడు, తొకుజి సాన్ ఇక్కడికొచ్చి, ఏడాది చివర కొంటానంటూ ఆ పెట్టె టీవీయే కావాలన్నారు. అలా కాదండీ, పెట్టె లేనిదైతే కినుయో సాన్‌కి కూడా తేలిగ్గా ఉంటుంది అన్నాను. ఆయన పకపకా నవ్వి, 'అందుకే పెట్టె ఉన్నది అడుగుతున్నానయ్యా. రెండు రిమోట్లుంటే అది ముట్టుకోదు,' అన్నారు. సరదాకి అన్నార్లెండి. మొన్న మీరు కూడా అదే అడిగేసరికి చెబుదామనుకున్నాను. ఆయన ముందు బాగుండదని ఊరుకున్నాను."

నేను కూడా నవ్వానక్కా. సరదా అన్నాడు కదా, నవ్వాలి. వంతెన దాకా వచ్చాను. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ కోపం ఇంటిదాకా నిలవలేదు. అప్పుడు ఆయన, ఇప్పుడు నేను, ఇద్దరం ఆ పెట్టె టీవీనే ఎంచుకున్నాం. ఇద్దరికీ కారణం ఒకటే. ఇన్నేళ్లు ఆయన్ని అసహ్యించుకుంటూ ఆయన దగ్గరే అంతా నేర్చుకున్నాను. ఆ మాట నీకు రాయడానికే మూడు రోజులు పట్టింది.

ఇంటికొచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఆగస్టులో ఒగిసో సాన్ కొట్టుకెళ్లి ఏ టీవీ అడిగారు?" అన్నాను. ఆయన తల దించేసుకున్నారు. మతి మాత్రం ఎక్కడికీ పోలేదు, అన్నీ తెలుసు. నేను లేచి ఫోన్ చేసి పెట్టె టీవీ తీసుకుపొమ్మన్నాను.

దయతో కాదక్కా, నన్ను మంచిదాన్ని చెయ్యకు. ఆయనలా ఉండటం నాకు చేతకాక మార్పించాను.

గురువారం పెట్టె అక్కర్లేని టీవీ వచ్చింది. తీగ గుచ్చగానే బొమ్మ వచ్చింది. రిమోట్ ఆయన ఎడం చేతిలో పెట్టాను. బొటనవేలు కాసేపు తడుముకుంది, తర్వాత సుమో వచ్చింది. నేను వంటింట్లోకి వెళ్లాను. గంటసేపు తట్టిన చప్పుడు లేదు. ఏమైందోనని తొంగి చూశాను.

పెద్ద మల్లులు ఉప్పు చల్లుతున్నారు. ఆయన నన్ను చూసి, రిమోట్ పట్టుకున్న చెయ్యి నా వైపు చాపారు. ఆయన అంతసేపూ ఎదురుచూసిన కుస్తీ అది.

తీసుకున్నాను. ఆయన పక్కన కూర్చుని ఒకటో నంబరు నొక్కాను, తర్వాత రెండు, తర్వాత నాలుగు. చివరిదాకా వెళ్లి మళ్లీ ఒకటికి వచ్చాను. ఎక్కడా ఆగలేకపోయాను. ఆయన బల్ల తట్టకుండా ఎదురుచూస్తున్నారు. నాకేం చూడాలనుందో నాకు తెలియలేదక్కా. ఇన్ని రోజులూ రెండు రిమోట్లు జేబులో పెట్టుకుని నేను చూసింది ఆయన మొహాన్నే. అంతకుముందు నలభై ఏళ్లూ చూసిందీ ఆయన మొహాన్నే, ఎప్పుడు బాగుంటుందా, ఎప్పుడు అడగొచ్చా అని.

సుమో పెట్టి రిమోట్ తిరిగి ఇచ్చేశాను. కుస్తీ అప్పటికే అయిపోయింది.

నీ
కినుయో